గుర్రప్ప బావి నమూనా

1981 జూన్‌లో నన్ను నీటి నమూనాల ఇన్‌స్పెక్టరుగా మదనపల్లెకు వేశారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఫ్యాక్టరీల వల్ల చుట్టుపక్కల నీళ్లు చెడుతున్నాయేమో చూసి, ప్రాంతీయ మండలికి నివేదిక పంపడం మా యూనిట్ పని. ఆఫీసంటే రెండు గదులు. నా పైన అసిస్టెంట్ ఇంజనీరు, ఆయన పైన చిత్తూరులో ప్రాంతీయాధికారి. నా కింద ఎవరూ లేరు. నమూనా తీసేదీ, పరీక్షించేదీ, సీసా మీద చీటీ రాసేదీ నేనే. అన్నీ ఒక్క చేతిలో ఉండడం అప్పట్లో నాకు సౌకర్యంగానే అనిపించింది.

పుంగనూరు దాటాక ఒక తోళ్ల కార్ఖానా ఉండేది. పచ్చితోళ్లు చెడిపోకుండా ఉప్పు పట్టించి తెస్తారు. వాటిని నానేసి కడిగిన ఉప్పునీళ్లను వెనక ఉన్న మట్టిగుంతల్లోకి వదిలేవాళ్లు. ఆ గుంతలకు పల్లంలో గుర్రప్ప అనే రైతుకు బావి కింద మల్బరీ తోట ఉంది. పట్టుపురుగులు పెంచి బతికేవాడు. ఆకు అంచులు మాడిపోతున్నాయని, ఆ ఆకును ముట్టక పురుగులు చస్తున్నాయని, బావి నీళ్లు ఉప్పగిల్లాయని అర్జీ పెట్టుకున్నాడు.

1983 ఏప్రిల్‌లో విచారణకు వెళ్లాను. నియమం ప్రకారం అర్జీలో చెప్పిన బావిలోనే నీళ్లు తోడాలి. సీసాను అవే నీళ్లతో మూడుసార్లు తొలిచి, నింపి, లక్క సీలు వేయాలి. అక్కడికక్కడే మహజరు రాయాలి. చూసిందీ చేసిందీ కాగితం మీద పెట్టి ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోవడమే మహజరు. ఆ రోజు గుర్రప్ప ఊళ్లో లేడు. భార్యాభర్తలిద్దరూ కలకడలో బంధువుల ఇంట చావుకు పోయారు. దారి చూపడానికి కార్ఖానావాళ్లు మస్తాన్‌ను పంపారు. తోళ్లు నానబెట్టే పని అతనిది. గుర్రప్పకు చిన్నప్పటి నుంచి స్నేహితుడు.

మా జీపు రోడ్డు పక్క బావి దగ్గర ఆగింది. నేను బొక్కెన తీస్తుంటే మస్తాన్ చెప్పాడు: "గుర్రప్ప బాయి ఇది కాదు సార్. ఆ దిన్నెకు ఆవల ఉండాది. అర మైలు నడవాల."

ఎండ మండిపోతోంది. పై అధికారి ఇంటివాళ్లను హార్స్లీ హిల్స్‌కు తీసుకుపోవాలి, మధ్యాహ్నానికల్లా జీపు వెనక్కి రావాలి అని ఇంజనీరు చెప్పి పంపారు. భూమిలో నీళ్లన్నీ ఒకటేనని మస్తాన్‌కు చెప్పాను. అది అబద్ధమని నాకు తెలుసు. ఆ రోడ్డు పక్క బావి గుంతలకు ఎగువన ఉంది, వాటి ఉప్పు దానికి చేరదు. అయినా అక్కడే తోడి, చీటీ మీద గుర్రప్ప బావి అని రాశాను. మహజరులోనూ అదే రాశాను. డ్రైవరు చూడకుండానే సంతకం పెట్టాడు. మస్తాన్ పెన్ను పట్టుకుని కాసేపు ఆగాడు. ఆఫీసు కాగితమే, ఏమీ కాదని చెప్పాను. ఉర్దూలో సంతకం చేశాడు.

పరీక్షలో నీళ్లు మంచివని తేలాయి. తేలక ఏం చేస్తాయి?

తరువాతి నెలలో పుంగనూరులో విచారణ సమావేశం పెట్టారు. నేను నివేదిక చదివాను. గుర్రప్ప లేచి, "సార్, నేను లేనప్పుడు వచ్చినారంట. మా బాయికాడ తడి లేదు, అడుగు జాడ లేదు. మీరు యాడ తోడినారు?" అని అడిగాడు. ప్రాంతీయాధికారి నా వైపు చూశారు. నేను మహజరు తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన సాక్షుల పేర్లు పైకి చదివారు.

"మస్తాను సంతకం బెట్టినాడా?" అన్నాడు గుర్రప్ప. కూర్చున్నాడు.

అర్జీ కొట్టేశారు. నీళ్లు బాగున్నాయని మేము రాశాక, పురుగులు చచ్చింది పెంపకం తెలియకేనని పట్టు శాఖవాళ్లు తేల్చి, పట్టుగుడ్లు ఇచ్చే జాబితాలోంచి అతని పేరు తీసేశారు. పదేళ్లకు పైగా పురుగులు పెంచినవాడికి పని రాదని కాగితం పుట్టింది.

ఆ సంగతి విని, ఎవరికీ చెప్పకుండా బస్సులో పోయి, అర మైలు నడిచాను. మల్బరీ అప్పటికే పీకేశారు. గుర్రప్ప భార్య బావి గట్టున ఉంది. నమూనాకు వచ్చానని చెప్పాను.

"ఇప్పుడు యాలప్పా, తోట పీకేసినాక?" అంది. అంటూనే తనే నీళ్లు తోడి పోసింది.

ఆ నీళ్లలో ఉప్పు పరిమితిని దాటిపోయింది. నివేదిక పంపాను. మండలి కార్ఖానాకు నోటీసిచ్చింది. ఏడాదిలోగా గుంతలకు సిమెంటు చేశారు. ఇక్కడితో ఆపితే నేను తప్పు దిద్దుకున్నట్టే ఉంటుంది. కానీ మొదటి నమూనా వేరే బావిదని నేను రాయలేదు. రాస్తే ఉద్యోగానికే ముప్పు. అందువల్ల ఫైలు చూసినవాళ్లు, ఏప్రిల్‌లో నీళ్లు బాగున్నాయి, తరువాతే చెడ్డాయి అనుకున్నారు. గుర్రప్ప పేరు మళ్లీ జాబితాలోకి ఎక్కలేదు.

1985లో కుప్పానికి బదిలీ అయింది. పోయే ముందు పుంగనూరు బస్టాండులో మస్తాన్ కనిపించాడు. గుర్రప్ప తనతో మాట్లాడి రెండేళ్లయిందన్నాడు. నన్ను తప్పుపట్టలేదు. "మీరు ఒక్క మాట చెప్పండి సార్, నేను చెప్తే నమ్మడు" అన్నాడు. చెబుతానన్నాను. పోలేదు. కొన్నేళ్లకు గుర్రప్ప పోయాడని తెలిసింది.

కుప్పంలో గ్రానైటు కోత యూనిట్ల దగ్గర నమూనా తీసిన ప్రతిసారీ బావి ఎక్కడుందో పటం గీసి, రోడ్డు నుంచి అడుగులు కొలిచి రాసేవాణ్ణి. నాది చాదస్తమని కొత్తగా చేరినవాళ్లు అనుకునేవారు. కారణం వాళ్లకు చెప్పలేదు.

మా వృత్తిలో పరీక్ష తప్పితే మళ్లీ చేసుకోవచ్చు. నీళ్లు ఎక్కడ తోడామో తప్పు రాస్తే, ఆ తప్పును అది రాసినవాడే దిద్దాలి, ఇంకెవరికీ తెలియదు కాబట్టి. దానికి ఒక్క వాక్యం చాలు. నేను రిటైరయ్యేదాకా ఆ వాక్యం రాయలేదు.