పిల్ల పెట్టుకోవాల్సిన బెల్టు

డెబ్బైల నాటి మాట. హనుమాన్ జంక్షన్‌లో బెజవాడ బస్సెక్కి ఒక తల్లీకూతుళ్ల పక్కన కూర్చున్నాను. ఆరేళ్ల ఆ పిల్లకి పోలియో వచ్చి కాళ్లు చచ్చుబడ్డాయి. కుదుపులకి పడిపోకుండా సీటు కమ్మీకి తోలు బెల్టొకటి కట్టి, దాన్ని నడుము చుట్టూ బిగించుకోమని తల్లి చెప్పింది. ఆ చిన్న వేళ్లకి బకిల్ లొంగడం లేదు. తల్లి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

గన్నవరం దగ్గర బస్సు బ్రేకు వేసేసరికి పిల్ల నుదురు ముందు సీటుకి కొట్టుకుంది. ఇక ఉండబట్టలేక నేనే వంగి బెల్టు పెట్టేశాను. పిల్ల నవ్వింది.

ఆవిడ ఇటు తిరిగి, ఆ బెల్టు విప్పేసింది.

"మళ్లీ పెట్టుకో."

"పసిపిల్లండీ," అన్నాను.

"రేపట్నించి హాస్టల్లో ఉంటుందండీ. అక్కడ కుర్చీకీ ఇలాంటి బెల్టే. అక్కడికి మీరొస్తారా పెట్టడానికి?"

పిల్ల ఏడుస్తూనే మళ్లీ మొదలుపెట్టింది. బస్సు బెజవాడ స్టాండులోకి తిరుగుతుండగా బకిల్ పడింది.

"ఇక విప్పుకో, దిగాలి," అంది తల్లి.

పిల్ల విప్పుకుంటూ, తలెత్తకుండా నాతో అంది: "మీరు పెట్టకపోతే నాకు ఎప్పుడో వచ్చేసేదండీ."

ఆవిడ పిల్లని చంకనేసుకుని దిగిపోయింది. కండక్టరు వచ్చి దిగరా అని అడిగేదాకా నేను లేవలేదు.