పెద్దమ్మను ఉండమన్నాడు

మా కంబన్న ఉద్యోగమేమిటని ఊళ్లో ఎవరడిగినా "కోడిగుడ్లకు బొక్కలు పెట్టడం" అని చెప్పేవాణ్ణి. అది అబద్ధమేమీ కాదు. మద్రాసులో విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధనశాలలో అతను చేసే పని అదే. పొదిగిన గుడ్డుకు సన్నటి బొక్క పెట్టి, లోపలి పొర మీద మశూచి టీకా మందు ఒక చుక్క వేసి, మూడో రోజు ఆ పొర మీద ఎన్ని తెల్లటి పొక్కులు లేచాయో లెక్కపెట్టాలి. పొక్కులు లేస్తే మందులో వైరస్ బతికి ఉన్నట్టు, లేవకపోతే చచ్చినట్టు. కోసిగి దగ్గర మా ఊళ్లో నా పక్కనే కూర్చుని అక్షరాలు దిద్దినవాడు. ఆదోనిలో హైస్కూలు, కర్నూలులో కాలేజీ, మద్రాసులో ఎమ్మెస్సీ అన్నీ అయ్యాక చివరికి గుడ్ల దగ్గర తేలాడు. నేను అదే ఊళ్లో బడిపంతులుగా తేలాను. నాకు ఆ గుడ్లు కూడా లేవు.

నవ్వులాటకు అంటాను గాని, అతను ఆ పని పట్టుకున్నది మా ఊళ్ల కోసమే. టీకా మందు మద్రాసులో మంచుగడ్డల మధ్య ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. కోసిగి స్టేషన్లో దిగి, టీకాలాయన సైకిలు సంచిలో నాలుగు ఊళ్లు తిరిగేసరికి మా ఎండకు చస్తుంది. ఆయన ఆ చచ్చిన మందుతోనే పిల్లల చేతులు గీకి, పేర్లు రాసుకుని పోతాడు. పాపం, ఆయనకు మాత్రం ఏం తెలుసు? కంబన్న చెల్లెలు మహాదేవమ్మకు అలా మూడుసార్లు గీకారు. టీకా పట్టిందనడానికి గుర్తుగా ఒక్కసారీ పొక్కు లేవలేదు. పిల్లది గట్టి ఒళ్లు అని ఊరంతా మెచ్చుకుంది. కంబన్న మాత్రం తల పట్టుకున్నాడు. ఎండకు చావని మందు కావాలి, ఆరబెట్టి పొడి చేస్తే బతుకుతుందేమో అని ఆరేళ్లుగా దాని వెనకే పడ్డాడు.

1956లో మహాదేవమ్మ పురిటికి పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. తండ్రి వైపు జేజి పేరే పెట్టి గిడ్డమ్మ అన్నారు. కంబన్న ఉత్తరం రాశాడు. "ఉగాది అయిన నెలకు వస్తాను. మంచి మందు తెచ్చి తల్లికీ బిడ్డకూ నేనే టీకాలు వేస్తాను. అంతదాకా ఆ సైకిలాయన చేత గీకించవద్దు." వెంటనే రాకపోవడానికి కారణముంది. మా ఎండంత కాకతో ఉండే వేడి అలమరలో పెట్టిన పొడి మందుకు తొంభై రోజులు నిండాలి. తొంభయ్యో రోజున కూడా గుడ్లలో పొక్కులు లేస్తే ఆరేళ్ల కష్టం నిలబడుతుంది, డాక్టరేటు చేతికొస్తుంది. మధ్యలో వదిలి వస్తే అంతా మళ్లీ మొదటికే అని అతని భయం.

ఉగాది పోయిన పదో రోజు కంబన్న తల్లి సుంకులమ్మత్త బడి దగ్గరికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. ఎండలోనే దూరంగా నిలబడింది.

"రంగన్నా, మా వానికి ఒక కార్డు రాయల్లప్పా."

"చెప్పత్తా."

"పెద్దమ్మ మనింటికి వచ్చిండాదని రాయి. మహాదేవమ్మ దగ్గరే ఉండాదని రాయి."

నాకు వెంటనే అర్థమైంది. మా వైపు మశూచి పేరు నోటితో పలకరు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆమె పెద్దమ్మ, అంతే. ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసుకున్నట్టు చూసుకోవాలి. పొమ్మనకూడదు.

"పేరు రాస్తే మంచిదేమో అత్తా. వాడు మందు తీసుకోని పరుగెత్తుకోని వస్తాడు."

"వద్దప్పా. ఆయమ్మకు కోపమొస్తాది. ఇంట్లో పసిబిడ్డ ఉండాది. ఎప్పుడు పోయేది ఆయమ్మ ఇష్టమని రాయి. ఏమీ తక్కువ చేయకుండా చూసుకుంటాండామని రాయి."

ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను. ఆమెకు చదువు రాదు. అడుగున ఒక్క మాట నేను కలిపితే ఆమెకు తెలిసేది కాదు. కలపలేదు. నా ఇంట్లోనూ ఇద్దరు పిల్లలున్నారు, భయపడ్డాను. పగలూ రాత్రీ మశూచితోనే బతికేవాడికి ఇంత మాత్రం అర్థం కాదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

కంబన్నకు నిజంగానే ఒక పెద్దమ్మ ఉందన్న సంగతి ఆ నిమిషాన నాకు తట్టలేదు. ఆదోని ఓబులమ్మ, సుంకులమ్మత్తకు సొంత అక్క. ఏటా ఎండాకాలం వచ్చి చెల్లెలింట్లో నెల రోజులు కూర్చునేది. చారులో ఉప్పెక్కువైందని, మంచం నులక వదులైందని అందరినీ సాధించేది. ఆ ఏడు ఆమె ఇంకా రాలేదు. అది మద్రాసులో ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది?

జవాబు ఎనిమిదో రోజున వచ్చింది. చదివి వినిపించడానికి వాళ్లింటికి వెళ్లాను. గుమ్మానికి వేపమండలున్నాయి. సుంకులమ్మత్త నిద్రలేని కళ్లతో బయటికి వచ్చింది. మహాదేవమ్మ గండం గడిచింది, పొక్కులు ఎండుముఖం పట్టాయట. గిడ్డమ్మకు ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. లోపల్నుంచి ఆ పిల్ల కేరింతలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి.

"పెద్దమ్మ వచ్చిందంటే శానా సంతోషం. ఆమెకు నా నమస్కారాలు చెప్పండి. నేను వచ్చేదాకా ఆమెను పోనీయవద్దు. గిడ్డమ్మను ఆమె ఒళ్లోనే కూర్చోబెట్టండి."

వాడు ఓబులమ్మ వచ్చిందనుకున్నాడని మొదటి వాక్యానికే నాకు తెలిసిపోయింది. అయినా చివరిదాకా చదివేశాను. పంతులు నోరు, అక్షరం కనబడితే ఆగదు. ఏదో ఒకటి కల్పించి చెప్పాల్సింది. ఆ తెలివి నాకు కోసిగి దారిలో వచ్చింది. సుంకులమ్మత్త నా చేతిలో కార్డు వైపు కాసేపు చూసి లోపలికి వెళ్లిపోయింది.

కోసిగికి నడిచిపోయి తంతి కొట్టాను. ఈసారి పేరు పెట్టే కొట్టాను. రెండో రోజు పొద్దున రైల్లో కంబన్న దిగాడు. వేడి అలమరను అలాగే వదిలేసి వచ్చాడు, తొంభైకి ఇంకా వారం మిగిలి ఉందట. చేతిలో మంచుగడ్డలు నింపిన ఫ్లాస్కు, అందులో టీకా మందు. పిల్లకు అంతకు ముందు రాత్రే ఒళ్లు కాలడం మొదలైంది. అయినా గీకాడు. తరువాత బయటికి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"ఆయమ్మ వచ్చిన నాలుగైదు రోజుల్లోపల వేసుంటే బిడ్డకు కాపు ఉండేది, రంగన్నా. ఇప్పుడు నీళ్లు పూసినట్లే. కార్డు నాకు మూడో రోజే అందినాది."

"తప్పు నాది. నేను పేరు రాసుండల్ల."

"నువ్వు సరిగానే రాసినావు. నాకే మన మాట అర్థం కాలేదు."

అతను వచ్చిన ఆరో రోజున గిడ్డమ్మ పోయింది. చివరి మూడు రోజులూ ఆ పిల్ల ఊయల పక్కన అతను ఊరికే కూర్చున్నాడు. మశూచి గురించి మద్రాసులో అందరికీ పాఠం చెప్పేవాడు ఇక్కడ వేపమండతో ఈగలు తోలాడు. అంతకు మించి అతనికి చేయగలిగింది లేదు. చూడలేక నేను ఇంటికి వెళ్లిపోయాను.

వచ్చిన మర్నాడే, ఫ్లాస్కులో మంచు కరిగిపోకముందే, మిగిలిన మందుతో ఊళ్లో పిల్లలందరికీ టీకాలు వేశాడు. నా పిల్లలిద్దరికీ వేశాడు. అందరికీ పొక్కులు లేచాయి. అలమరలోని పొడి మందును తొంభయ్యో రోజున అతని తోటివాళ్లే గుడ్లలో వేసి చూశారని, అది బతికే ఉందని ఉత్తరం వచ్చింది. డాక్టరేటూ వచ్చింది, అక్కడే పై ఉద్యోగమూ వచ్చింది. అవన్నీ వింటే నాకు సంతోషం కలగలేదు. అతనికి కలిగిందో లేదో నేను అడగలేదు.

మద్రాసుకు తిరిగి పోయే రోజు తల్లిని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. ఈ జబ్బు ఒకరి ఊపిరి నుంచి, కప్పుకున్న బట్టల నుంచి ఇంకొకరికి అంటుతుందని, ఎవరో పంపితే వచ్చేది కాదని, మనం అన్న మాటకు దానితో పని లేదని. నేనెన్నడూ చూడని ఓపికతో చెప్పాడు. సుంకులమ్మత్త అంతా విన్నది.

"అదంతా నాకు తెల్దప్పా. పోనీయొద్దంటివి. బిడ్డను ఒళ్లో కూసోబెట్టమంటివి. ఆయమ్మ నీ మాట విన్నది."

కంబన్న తల వంచుకుని "తప్పయిందమ్మా" అన్నాడు. తల్లితో అన్నాడో, ఆయమ్మతోనే అన్నాడో నాకు తెలియదు. సుంకులమ్మత్త లోపలికి పోయి సద్దిమూట తెచ్చి అతని చేతిలో పెట్టి, రైలుకు పొద్దు పోతాండాదని చెప్పింది.