సర్వర్ జీపు మీద నర్సింగం క్యారియర్

నర్సింగం ఎవరింటికి వచ్చినా ముందు మనుషుల్ని పలకరించడు. తల ఎత్తి ఇంటి కప్పు చూస్తాడు. చేతికర్ర అందితే దాంతో ఓసారి తట్టి, ఆ చప్పుడు విని, అప్పుడు కూర్చుంటాడు. మొదటిసారి మా ఇంట్లో ఆ పని చేస్తే, ఎక్కడ పెచ్చు ఊడి పడబోతుందోనని మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

ఆయనది బొగ్గుబాయిలో కప్పు కింద దుంగలు నిలబెట్టే పని. టింబర్‌మన్ అంటారు. కప్పును కర్రతో తడితే గట్టి చోట ఖంగుమంటుంది, వదులైన చోట డొల్లగా మోగుతుంది. డొల్లగా మోగిందా, అక్కడ దుంగ నిలబెట్టి, పైన చెక్క చీలిక పెట్టి సుత్తితో బిగించాలి. ఆయన చెవి మీద నమ్మకంతోనే షిఫ్టు మొత్తం కింద పనిచేసేది.

అంతటి చెవి ఉన్నవాడి మీదే ఒకరోజు బండ పడింది. ప్రాణం దక్కింది, కుడికాలు వంకరపోయింది. డ్యూటీకి అన్‌ఫిట్ అన్నారు. ఉద్యోగం కొడుక్కి వచ్చింది. గోదావరిఖనిలో మా పక్కింటి వాకిట్లో ఒక కుర్చీ నర్సింగానికి వచ్చింది.

ఆ బండ పడ్డ రోజు ఆయన భార్య మల్లక్క దవాఖాన వరండాలో నిలబడి మొక్కుకుంది, మనిషి బతికితే ఆయన ఎత్తు బంగారం ఇస్తానని, సమ్మక్క సారలమ్మలకు. మేడారంలో బంగారమంటే బెల్లమే. మొక్కినప్పుడు ఆయన పుల్లలా ఉండేవాడు. కాలు కుదురుకునేలోపు రెండేళ్లకోసారి వచ్చే జాతర ఒకటి దాటిపోయింది. కుర్చీలో కూర్చుని కూర్చుని మనిషి ఒళ్లు చేశాడు. రెండువేల ఎనిమిది జాతర ముందు బెల్లం దుకాణం కాటా మీద నిలబెడితే, అవతలి తట్టలో దిమ్మ మీద దిమ్మ ఎక్కుతూనే ఉంది.

"దవాఖానల్నే తూకమేయిస్తె అయిపోవు," అంది మల్లక్క. "ఇగో, కూసోని తిన్నదంత బెల్లమయి కూసున్నది."

"నేను సన్నగయ్యేదాక ఆగుమను తల్లిని," అన్నాడాయన కాటా దిగకుండానే.

జాతరకు పోయేది డ్రైవరు సర్వర్ జీపులో. మంథని అవతలి అడవి పల్లెలకు మనుషుల్ని తిప్పే పాత జీపు అది. నాలుగు చక్రాలూ లాగుతాయి, వాగైనా గుట్టైనా లెక్కలేదు. పైకప్పు మాత్రం ఉత్త టార్పాలిన్ గుడ్డ. నర్సింగం చుట్టాలూ మేమిద్దరమూ ఎక్కితే లోపల ఒకరి ఒళ్లో ఒకరు కూర్చోవాల్సిందే. బెల్లానికి చోటేదీ?

"పైన క్యారియర్ కడ్త," అన్నాడు నర్సింగం.

సర్వర్ నవ్వాడు. "పైన గుడ్డ ఉన్నదన్నా. గుడ్డ మీద బెల్లం పెడ్తె తొవ్వలనే మన నెత్తిమీద ప్రసాదం."

"గుడ్డకు తాకనియ్య. బాడీ నుంచి కాళ్లు లేపుత. బాయిల గుట్టనే ఆపిన, నీ జీపొక లెక్కనా."

"సరే, కట్టు. జాతరకు ముందు బరువేసి తిప్పుదాం. ఆగిందనుకో, మా స్టాండుల ఉన్న బండ్లన్నీ నీ దగ్గరికే పంపుత. ఆగలేదనుకో, ఊడదీస్త. కోపం చెయ్యొద్దు."

సర్వర్ వెళ్లాక నర్సింగం నా వైపు తిరిగాడు. "సారూ, ఇది నిలబడ్తె ఎవడన్న వచ్చి అన్నా ఈ పని చెయ్యే అంటడు. పడ్తె ఇగ నేను ఇంటి కప్పు చూసుకుంట పండుడే."

పాత ఇనుప సామాన్ల దుకాణంలో నీళ్ల పైపులు ఏరాడు. ఇసుక నింపి, వేడిచేసి, నొక్కు పడకుండా వంచాడు. పైన అడుగు పరచడానికి బద్దలు కావాలంటే మా ఇనుప మంచం ఇచ్చేశాను. మా ఆవిడ ఏమన్నదో రాస్తే అచ్చు వేయరు. జీపుకు అటు మూడు, ఇటు మూడు పైపు కాళ్లు నిటారుగా లేచాయి. ప్రతి కాలికీ పైన చెక్క చీలిక, సుత్తితో బిగింపు, అచ్చం బాయిలో లాగే. కట్టడం అయ్యాక మల్లక్కనూ, ఆమె ఇద్దరు అక్కచెల్లెళ్లనూ, నన్నూ పైకి ఎక్కించాడు. మేం కూర్చుంటే ఇంచు కూడా దిగలేదు. కర్రతో తట్టాడు. ఖంగుమంది. ఆయన ముఖం అంతగా వెలగడం నేను చాలాకాలంగా చూడలేదు.

మర్నాడు ఇసుక సంచులు పైకెత్తి గోదావరి ఒడ్డు దారి పట్టాం. మంచి రోడ్డు మీద క్యారియర్ దొరలా కూర్చుంది. ఒడ్డు దిగే మొదటి గుంతలో జీపు ఎడమకు ఒరిగింది, కుడికి లేచింది. క్యారియర్ మాత్రం ఎడమకే ఉండిపోయింది, కల్లు దుకాణం నుంచి వచ్చినవాడిలా. చీలికలు ఊడి పడ్డాయి. సంచులు జారి టార్పాలిన్‌ను పరపరా చీల్చాయి. నా ఒళ్లో ఒక సంచీ వచ్చి పడింది.

సర్వర్ కిందికి దిగి ఒరిగిన పైపు కాలొకటి పట్టి ఊపాడు. కోప్పడలేదు. "అన్నా," అన్నాడు, "నీ బాయి ఉన్నకాడనే ఉంటది. నా జీపు నడుస్తది గదా."

నిజమే మరి. బాయిలో బరువు పైనుంచి సూటిగా దిగుతుంది. కింద నేల కదలదు. నర్సింగం జీవితమంతా కదలని నేల మీదే కాళ్లు నిలబెట్టాడు. నేల పక్కలకు ఊగితే ఆ కాళ్లు ఏమవుతాయో ఆయనకు తట్టనే లేదు.

ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. నేను పోయి పలకరించినా కప్పు వంక చూడలేదు, నేల వంకే చూస్తున్నాడు. ఊడదీయడానికి రేపు వస్తానని సర్వర్ చెప్పి వెళ్లాడు.

మల్లక్క వాకిలి ఊడవడానికి నులక మంచాన్ని ఎత్తి గోడకు నిలబెట్టింది. పాత మంచం, ఒక పక్కకు వాలిపోయింది. ఆమె విసుక్కుంటూ ఒక తాడు తెచ్చి, పై మూల నుంచి ఎదురుగా ఉన్న కింది మూలకు ఏటవాలుగా కట్టి, నడుమ పుల్ల దూర్చి మెలిపెట్టింది. మంచం మెల్లగా లేచి సమంగా నిలబడింది.

నర్సింగం కుర్చీలోంచి లేచాడు. కర్ర మరిచిపోయి లేచాడు. మంచం పై పట్టీ పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. వాలలేదు. తాడు విప్పాడు. వాలింది.

"కట్టిందాన్ని ఎందుకు ఇప్పుతవయ్యా?"

"జర ఆగవే. మళ్ల కట్టు. ఇటు మూల నుంచి గూడ కట్టు."

"మంచానికే ఇన్ని తాళ్లా, నన్ను గూడ కట్టెయ్యి."

మర్నాడు ఊడదీయడానికి వచ్చిన సర్వర్‌తోనే ఇనుప చువ్వలు మోయించాడు. కాలికీ కాలికీ నడుమ ఆ మూల నుంచి ఈ మూలకు చువ్వలు పడ్డాయి, పక్కల్లోనూ వెనకా. చెక్క చీలికలు పోయి బోల్టులు వచ్చాయి. ఈసారి మమ్మల్ని పైకి ఎక్కించలేదు. "కూసుంటె ఏం తెలుస్తది? తిప్పాలె," అన్నాడు. అదే గుంతలో సర్వర్ జీపును దించి ఎక్కించాడు, దించి ఎక్కించాడు. ఇసుక సంచులు కదల్లేదు. అయినా సర్వర్ పూర్తిగా ఒప్పుకోలేదు. "ఇది ఊరి పక్క గుంత అన్నా. అడవి తొవ్వల సూద్దాం. అక్కడ ఆగితెనే మాట."

జాతరకు బయల్దేరి, కాటారం దాటి అడవి దారిలో పడ్డాం. రాయి మీద చక్రం ఎక్కిన ప్రతిసారీ పైన బెల్లం దిమ్మల కింద బద్దలు కిర్రుమనేవి. నర్సింగం ముందు సీట్లో కూర్చుని, కర్రను బయటికి చాపి, పైపు కాలిని తడుతూ వింటున్నాడు. ఒక వాగు దగ్గర సర్వర్ బండి ఆపాడు. అవతలి ఒడ్డు నిలువుగా ఉంది, పైగా ఒక పక్కకు వాలు.

"దించుదామా అన్నా బెల్లం? మోసుకపోదాం."

మల్లక్క చేతులు జోడించింది. నర్సింగం కర్రతో ఒక్కో కాలూ తట్టాడు. "పోనియ్యి," అన్నాడు.

జీపు నీళ్లలో ఒరిగింది. దాంతోపాటే క్యారియర్ ఒరిగింది. జీపు లేచింది, దాంతోపాటే క్యారియర్ లేచింది. అవతలి ఒడ్డెక్కాక సర్వర్ స్టీరింగు మీద చెయ్యి చరిచి, "మంచం తాడే మంచం తాడు," అన్నాడు.

"నా మంచం తాడు," అంది వెనక నుంచి మల్లక్క.

మేడారంలో బండ్లు ఆపేచోట బెల్లం దించుతుంటే, కాసిపేట నుంచి వచ్చిన ఒక జీపు డ్రైవరు మా బండి చుట్టూ తిరిగాడు. చువ్వలు పట్టి ఊపి చూశాడు.

"ఎవలు కట్టిండ్రే ఇది?"

సర్వర్ వేలు చూపించాడు. ఆ డ్రైవరు నర్సింగం దగ్గరికి వచ్చాడు. "అన్నా, నా బండికి గూడ ఒకటి కావాలె. కొలతలు తీసుకుంటవా?"

నర్సింగం ఆయన జీపు వంక చూశాడు. అలవాటుగా కర్ర ఎత్తబోయి, ఆపాడు.

"కొలతలు ఎన్కసిరి తీసుకుంట తమ్మీ," అన్నాడు. "ముందుగాల నన్ను ఎక్కించుకోని, నువ్వు రోజు పోయే తొవ్వల ఒక సుట్టు తిప్పు."