ఆయుధపూజ నాటి బొరుగులు

నా చిన్నప్పుడు మా తాతయ్య గుర్రం నా వల్లే చచ్చిపోయింది. పెట్టకూడనిది పెట్టడం పిల్లచేష్ట అనుకోవచ్చు. అడిగినప్పుడు చెప్పకపోవడానికి మాత్రం నా దగ్గర సాకు లేదు.

పట్నంలోని చూలై పేటలో తాతయ్య జట్కా తోలేవాడు. ఆయుధపూజ నాడు మా వీధి లేత్ షెడ్లలో యంత్రాలకు బొట్లు పెట్టి, వచ్చినవాళ్లకు బొరుగులు, పుట్నాలు పొట్లాలు కట్టి ఇచ్చేవారు. మాకు పనిముట్టంటే గుర్రమే. దానికీ దండ వేసి, తాతయ్య ఒక్క గుప్పెడు బొరుగులు నోటికి అందించేవాడు. పండుగ దానిదైతే ఒక్క గుప్పెడేమిటని నాకనిపించింది. షెడ్లన్నీ తిరిగి పొట్లాలు పోగుచేసి, తాతయ్య భోజనానికి కూర్చోగానే తొట్టి నిండా పోశాను. ఆబగా తిని, పైన బకెట్టెడు నీళ్లు తాగింది.

కాసేపటికి గుర్రం కాలితో నేల గీరుతూ, మెడ తిప్పి తన కడుపు వైపే చూసుకోసాగింది. తాతయ్య డొక్కకు చెవి ఆనించి విన్నాడు.

"దీనికి ఎవురైనా ఏమన్నా పెట్టినారా?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆయన నమ్మాడు.

వాయువు పట్టిందనుకుని వాము, శొంఠి, ఇంగువ కాచి వెదురు గొట్టంతో పోశాడు. వేడి ఇటుకను గోనెలో చుట్టి డొక్క కాచాడు. పడుకోనివ్వకుండా వీధిలో అటూ ఇటూ నడిపించాడు. చెబుదామని వెనకే నడిచి, ఆయన ముఖం చూసి ఆగిపోయాను. మళ్లీ కషాయం పోసినప్పుడు గిన్నె పట్టుకున్నది నేనే.

పండుగ కావడంతో పశువుల డాక్టరు దొరికేసరికి పొద్దు వాలింది. గుర్రం చెమటలు కక్కుతూ కూలబడి ఉంది. ఆయనా అదే అడిగాడు. అప్పుడు చెప్పాను. గుర్రానికి వాంతి చేసుకునే దారి లేదనీ, ఉబ్బిన కడుపులో కషాయమూ బరువేననీ, ముందే తెలిస్తే ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి, తిన్నది బయటికి తీసి చూసేవాణ్ణనీ ఆయన మెల్లగా అన్నాడు. సూది వేశాడు. ఇక చేయగలిగిందేమీ లేకపోయింది. తాతయ్య దాని తల ఒళ్లో పెట్టుకుని, ఊపిరి ఆగేదాకా ముఖం తుడుస్తూ కూర్చున్నాడు.

ఆయన నన్ను కొట్టలేదు. "మందు మంచిదే అబ్బయా. నువ్వు చెప్పుంటే నేను పోసుండను. నా చేత్తోనే పోయించినావు గదరా," అన్నాడు.

మరుసటేడు ఆయుధపూజకు ముందు, సౌకార్‌పేట దాకా నడిచి జట్కావాళ్ల లాయాలన్నీ తిరిగి, గుర్రానికి గుప్పెడుకు మించి బొరుగులు పెట్టొద్దని, పెడితే చచ్చిపోతుందని చెప్పాను. ఒకాయన నవ్వాడు.

"బొరుగులు తిని గుర్రం చస్తాదా తంబీ? ఎవురు చెప్పింది నీకు?"

"మాది చచ్చింది సామీ. పెట్టింది నేనే. తాత అడిగితే పెట్టలేదన్నాను."

ఆయన నవ్వు ఆపి, లోపలున్న తన పిల్లల్ని పిలిచి, మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను. ఊళ్లో జట్కాలు కనబడకుండా పోయేదాకా ఏటా వెళ్లి చెప్పాను.

ఇప్పుడు మా ఇంటి కుక్కకు నలతచేస్తే, ఏం పెట్టారని పిల్లల్ని ముందుగా అడగను. నేనేం పెట్టానో మొదట చెబుతాను. తర్వాతే అడుగుతాను.