లిఫ్టు పక్కన మరక

నేల తుడవడం చేతకాదని అత్తను ఆసుపత్రి పనిలోంచి తీసేశారు. అదీ ‘అద్దం అత్త’ అని పేరుపడ్డ మనిషిని! ఆమె తుడిచిన చోట ఈగ వాలినా జారిపడాల్సిందేనని తోటివాళ్లు నవ్వేవారు. కొంప ముంచిందల్లా లిఫ్టు పక్కన రాతిపలకలో, బొటనవేలంత, చుట్టలు తిరిగిన ఒక మరక. సబ్బుతో పోలేదు. ఇటుకపొడితో రుద్దితే పోలేదు. చివరికి యాసిడ్ పోసింది. చుట్టూ రాయి తినేసి, మరక ఇంకాస్త పైకి తేలింది.

“చేతకానిదానివి ముందే చెప్పి చావొచ్చుగా!” అన్నాడు సూపర్‌వైజర్, పదిమందిలో.

మేనల్లుడికి ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. తల వంచడం తెలియని అత్త, ఆ తర్వాత ఏ ఇంట పనికి కుదిరినా, “మొండి మరకలు నాకు చేతకావమ్మా” అని ముందే చెప్పుకునేది.

అతను రాళ్లు పాలిష్ పట్టే షెడ్డులో పని చేస్తాడు. ఒకరోజు రెండు పలకలు పక్కపక్కన మిషన్ కిందికి వచ్చాయి. ఒకటి ఊరి వెనక కొండది. రెండోది ఓడలో సముద్రాలు దాటి వచ్చింది. నీళ్లు కొట్టి బురద కడిగేసరికి రెండింట్లోనూ అదే చుట్ట, అప్పట్లో లిఫ్టు పక్కన అత్త వేలుపెట్టి చూపించిన చుట్టే. మరకేమిటి, ఎప్పుడో రాయైపోయిన సముద్రపు నత్త! పాత పుస్తకంలో చదివి మరిచిపోయిన సంగతి తడి చేతికింద గరుగ్గా తగిలింది. ఇంత దూరాన ఉన్న ఈ రెండు కొండలూ ఒకప్పుడు ఒకే సముద్రపు అడుగు.

ఆదివారం అత్తను ఊరి వెనక క్వారీకి తీసుకెళ్లాడు. మూడంతస్తుల ఎత్తున కోసిన కొండగోడలో ఇసకేస్తే రాలనన్ని నత్తలు. యాసిడ్‌కు కాలిన వేలితో ఆమె ఒకదాని మెలికలు చివరిదాకా తడిమింది.

“ఇదేనట్రా?”

“ఇదే అత్తా. సముద్రం అవతల దేశంలోనూ ఇదే. అక్కణ్ణుంచి ఇక్కడిదాకా అంతా ఒకటే నీళ్లు.”

“మరి నీళ్లేవి?”

“పోయాయి.”

ఆమె వంగి, గోడ మొదట్లోని నేలను అరచేత్తో రాసి, తడి ఉందేమోనని చూసుకుంది. కొన్నాళ్లకు మంచాన పడింది. అతను చివరిసారి చూడబోయినప్పుడు కళ్లు మెరిపిస్తూ, గొంతు తగ్గించి అంది:

“ఒరే అల్లుడూ, అంత సముద్రాన్నీ చుక్క తడి మిగలకుండా తుడిచినవాడెవడో, వాడికే ఆ మరక పోలేదు. ఇక నాకు చేతకాలేదంటే ఎలారా?”