కూచోమని చెప్పి పంపిన మనిషి

మా నాన్న కాకినాడ దగ్గర ఒక చిన్న సంఘానికి పాస్టరు. ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే, "ముందు అన్నం తిని పడుకో, పొద్దున చెబుదువుగాని" అనేవాడు. ఆ ఇంట్లో పెరిగి, ఇరవై ఏళ్లుగా ఎక్స్-రే టెక్నీషియన్‌గా పనిచేస్తున్నదాన్ని. దయ్యాలున్నాయని అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అందుకే ఇది రాయడానికి రెండేళ్లు పట్టింది.

కెనడాలో, రాకీ పర్వతాల్లో నాలుగు రోజుల నడక. నేనూ, మా ఆడపడుచు రూతు వదినా. ఆమెకు యాభై ఎనిమిది. ఓక్‌విల్‌లో ఇంట్లోనే డేకేర్ నడిపి, అప్పుడే మానేసింది. "ఇన్నేళ్లూ పిల్లల వెనక పరిగెత్తా. ఒక్కసారి నా కోసం నడుస్తా గ్రేస్" అంది. బుకింగులన్నీ నేనే చేశాను. వేసవిలో ఆ నేషనల్ పార్కులో టెంటు వేసుకునే చోటు దొరకడమే గగనం. ఏ రాత్రి ఏ క్యాంపులో ఉండాలో ముందే రాసి ఉంటుంది. ఒక రోజు వెనకబడితే మిగతాదంతా పోయినట్టే.

మూడో రోజు ఇరవై రెండు కిలోమీటర్లు. పొద్దున్నే బయలుదేరినా, దారిలో ఉన్న సరస్సు దగ్గరికి వచ్చేసరికి అక్కడ తీర్థంలా ఉంది. షటిల్ బస్సుల్లోంచి దిగిన జనం, ఫోటోలు, పసిపిల్లల్ని వీపున కట్టుకున్న తల్లిదండ్రులు. సారీ, థాంక్యూ అనుకుంటూ పక్కకి తప్పుకోవడంతోనే గంట గడిచింది. ఎత్తెక్కాక కాస్త పలచబడ్డారు గానీ, పది నిమిషాలకొకరు ఎదురొస్తూనే ఉన్నారు.

ఎండ మండుతోంది. బ్యాగు పట్టీలకు భుజాలు ఒరుసుకుపోయాయి. రెండు రోజుల అలసట మోకాళ్లలోకి దిగింది. మాటలు ఎప్పుడో ఆగిపోయాయి. నేను ముందు, వదిన ఒక ముప్పై అడుగుల వెనక. వెనక్కి తిరక్కుండానే "నీళ్లు తాగుతున్నారా వదినా" అని అడిగేదాన్ని. "తాగుతున్నా, నువ్వు పద" అనేది. నా కళ్లు బూట్ల ముందున్న రాళ్ల మీదే ఉన్నాయి.

మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో ఒక యువజంట పైనుంచి దిగుతూ ఎదురైంది. ఆ అమ్మాయి ఆగి, మీ ఫ్రెండ్ పైన ఉంది, మీ వెనక వస్తున్న ఆవిడని కూర్చోబెట్టమని చెప్పమంది, అని ఇంగ్లీషులో అంది. మేమిద్దరమే వచ్చాం, పైన మావాళ్లెవరూ లేరన్నాను. ఆమె పక్కనున్న అబ్బాయి వైపు చూసింది. ఇండియన్ లేడీ, పెద్దావిడ, వాగు మీద వంతెన దగ్గర కూర్చుంది, అన్నాడతను. మమ్మల్ని చూసి ఇంకెవరో అనుకుని చెబుతున్నారులే అనుకున్నాను. ఆగితే మళ్లీ లేవలేనన్న భయం కూడా ఉంది. థాంక్స్ చెప్పి నడిచాను.

ఇరవై నిమిషాలయ్యాక ఒక ముసలాయన, తెల్లాయన, రెండు చేతికర్రలతో ఒక్కడే దిగాడు. నన్ను చూసి ఆగి, మీకొక మాట చెప్పాలి, తప్పుగా పలికితే ఏమీ అనుకోవద్దు అన్నాడు. దారి పొడుగునా మర్చిపోకుండా వల్లె వేసుకుంటూ వచ్చినట్టున్నాడు.

"కూచో... మను," అన్నాడు. మళ్లీ కూడబలుక్కుని, "కూచోమను."

దాని అర్థం ఆయనకు తెలియదు. వంతెన దగ్గర ఒక పెద్దావిడ తనచేత మూడుసార్లు అనిపించిందట.

అప్పుడు వెనక్కి తిరిగాను. పొద్దుట్నుంచి వదిన మొహం సరిగ్గా చూడడం అదే మొదటిసారి. దారి పక్కన ఒక చెట్టుకి చెయ్యి ఆనించి నిలబడి ఉంది. వేళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. దగ్గరికి పరిగెత్తాను.

"వదినా, ఏమైంది?"

"ఐదైపోయింది. పిల్లల్ని తీసుకెళ్లడానికి ఒక్కళ్లూ రాలేదేంటి?" అంది. చాలా నెమ్మదిగా, మామూలుగా అంది.

నీడలో కూర్చోబెట్టాను. కూర్చోగానే వాంతి చేసుకుంది. ముసలాయన దగ్గర శాటిలైట్ పరికరం ఉంటే సహాయం కోసం మెసేజ్ పంపాడు. హెలికాప్టర్ వచ్చేదాకా గంటన్నర ఆమె తల నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నీళ్లలో కలుపుకోమని నేనిచ్చిన ఉప్పు ప్యాకెట్లు ఆమె బ్యాగులో ఒక్కటీ విప్పలేదు.

ఆ గంటన్నరలో పైనుంచి దిగిన ప్రతివాళ్లనీ అడిగాను. వంతెన దగ్గర ఇండియన్ పెద్దావిడ ఎవరికీ కనిపించలేదు. ఇద్దరు కుర్రాళ్లు అక్కడే అరగంట కూర్చుని లంచ్ తిన్నారట. ముసలాయన్ని చూపించి, ఈయన్ని చూశాం, ఒక్కడే నిలబడి ఉన్నాడు, అన్నారు. ఆయన ఏమీ వాదించలేదు. "నాతో మాట్లాడింది," అని మాత్రం ఇంగ్లీషులో నెమ్మదిగా అన్నాడు.

బీపీ మాత్రలు, ఎండ, దానికి తోడు ఉప్పు లేకుండా తాగిన అన్ని నీళ్లు. రక్తంలో సోడియం బాగా పడిపోయిందని హాస్పిటల్లో డాక్టర్ చెప్పాడు. ఇంకో గంట నడిచి ఉంటే ఫిట్స్ వచ్చేవన్నాడు. వదిన ఐదు రోజులకు కోలుకుంది.

పైన ఎవరో తెలుగావిడ ఉండే ఉంటుంది, కెనడాలో మనవాళ్లు లేని చోటేది, అంటాడు మా ఆయన. నేనూ అలాగే అనుకోవాలని చూశాను. కానీ ఆ వంతెన మేం ఆగిన చోటికి రెండు కిలోమీటర్లు ఎగువన, కొండ మలుపు అవతల ఉంది. మ్యాపు ఎన్నిసార్లు చూసుకున్నానో. అక్కడినుంచి మా దారి కనిపించదు. ముప్పై అడుగుల దూరంలో ఉన్న నాకే వదిన సంగతి తెలియలేదు.

ఇంటికొచ్చాక వదినకు అంతా చెప్పాను. అంతా విని, "ఆవిడ చూడ్డానికి ఎలా ఉందన్నాడు ఆ ముసలాయన?" అని అడిగింది.

నేను ఆయన్ని ఆ మాట అడగలేదు. ఆయన పేరు కూడా అడగలేదు.