చూడకుండా రాయని మనిషి

డాక్టరు గారు పోయారన్న కబురు నాకు ఒక కోళ్ల ఫారం గేటు దగ్గర అందింది. మార్చి ఆఖరు వారం. రబ్బరు బూట్లు తీసుకోవడానికి కారు డిక్కీ తెరిచి నిలబడి ఉన్నాను. ఫోన్ మోగింది. చూస్తే ఆయన భార్య. ఆంటీ పని వేళల్లో ఎప్పుడూ ఫోన్ చేయరు.

"అమ్మా, మీ సార్ పోయిండమ్మా. పొద్దుగాల చాయ్ పెట్టి లేపబోతే లేవలే" అన్నారు.

ఫారం యజమానురాలు బయటికి వచ్చి నా ముఖం చూసి ఏమైందని అడిగింది. చెప్పాను. ఆమెకూ ఆయన తెలుసు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఇవాళ కోళ్లను చూడక్కర్లేదు, ఇంట్లోకి రా" అంది. నేను బూట్లు కడుక్కుని షెడ్డులోకే వెళ్లాను. ఒక్కో వరస చూసి, రాసుకోవాల్సింది రాసుకుని వచ్చాను. చూడకుండా వచ్చేసి ఉంటే ఆయనే కోప్పడేవారు.

మీలో చాలామందికి ఆయన తెలియదు. ఇక్కడ కెనడాలో, విన్నిపెగ్ తెలుగువాళ్లకు కూడా పండగ రోజున హాల్లో వెనక కుర్చీలో కూర్చుని పులిహోర తినే ఒక అంకుల్‌గానే తెలుసు. డాక్టరంటే పశువుల డాక్టరు. కరీంనగర్ వైపు పల్లెల్లో పదిహేడేళ్లు సర్కారు పశువైద్యం చేసి, నలభై దాటాక ఈ దేశం వచ్చారు. ఇక్కడ వైద్యం చేయాలంటే మళ్లీ పరీక్షలు రాసి లైసెన్సు తెచ్చుకోవాలి. రెండుసార్లు కూర్చున్నారు. మూడోసారి కూర్చోవడానికి ఇల్లు గడవాలి కదా, గోదాము షిఫ్టులు వదలలేక మానేశారు. చివరికి రైతులకు కాగితాల పని చేసిపెట్టే ఒక చిన్న ఆఫీసులో చేరారు. పేరు ముందు డాక్టరు అని ఎక్కడా రాసుకోలేదు. రైతులే ఆయన్ని "డాక్" అని పిలిచేవారు. ప్రతిసారీ, "ఇక్కడ నేను డాక్టర్ని కాను" అని సరిదిద్దేవారు. ప్రతిసారీ వాళ్లు వినేవారు కాదు.

మా పని ఏమిటో కొంచెం చెప్పాలి. రైతుకు ప్రభుత్వ సాయం కావాలంటే కొన్ని షరతులు ఉంటాయి. పశువులు వాగులోకి దిగి నీళ్లు పాడుచేయకూడదు. పేడకుప్ప బావికి దూరంగా ఉండాలి. దూడలకు కొమ్ములు తీసేటప్పుడు నొప్పి తెలియకుండా మందు ఇవ్వాలి. చలికాలం గాలికి అడ్డు ఉండాలి. ఇవన్నీ ఉన్నాయో లేదో రైతుతో కలిసి చూసి, లేనివాటిని ఎలా చేసుకోవాలో చెప్పి, ఫారాలు నింపి పంపడం మా వంతు. రైతులకు ఈ ఫారాలంటే ఒళ్లుమంట. సగం రోజులు ఆ మంటను చల్లార్చడంతోనే సరిపోతుంది.

నేను అనంతపురం వైపుదాన్ని. వ్యవసాయ డిగ్రీ చదివాను. పీఆర్ మీద, అంటే శాశ్వత నివాస అనుమతితో, ఇక్కడికి వచ్చి, మొదటి ఏడాది పెట్టెల మీద లేబుళ్లు అంటించాను. ఈ ఆఫీసు ఇంటర్వ్యూలో మేనేజరు చాలా ప్రశ్నలు అడిగాడు. పక్కన కూర్చున్న డాక్టరు గారు ఒక్కటే అడిగారు, అదీ ఇంగ్లీషులో. "పడుకున్న ఆవు లేచేటప్పుడు ముందు ఏ కాళ్లు లేపుతుంది?"

"వెనక కాళ్లు" అన్నాను.

ఆయన మేనేజరు వైపు తిరిగి, "ఈ అమ్మాయి ఆవును చూసింది" అన్నారు. ఉద్యోగం వచ్చింది.

ఆయన పక్క సీట్లో కూర్చుని రెండేళ్లు తిరిగాను. ఏ పొలానికి వెళ్లినా గేటు దగ్గర బక్కెట్టూ బ్రష్షూ దించి బూట్లు కడిగేవారు. మైనస్ ఇరవైలో కూడా. ఒక కొట్టంలోని రోగం ఇంకో కొట్టానికి మన కాళ్లతోనే పోతుందనేవారు. రైతు వంటింట్లో ఇచ్చే పల్చటి కాఫీ ఆయనకు బొత్తిగా నచ్చేది కాదు. కానీ ఎన్నడూ వద్దనలేదు. కప్పు అడుగుదాకా తాగి, కారెక్కాక ఒక లవంగం నోట్లో వేసుకునేవారు. రైతు కాగితాలు ముందుకు తోస్తే పక్కకు జరిపి, "ముందు ఆవుల్ని చూసొద్దాం, కాగితాలు ఎక్కడికీ పోవు" అనేవారు. ఆవులతో మాత్రం తెలుగే మాట్లాడేవారు. "దా, దా, భయంలేదు, దా" అంటే అవి చెవులు నిక్కించి నిజంగానే వచ్చేవి. ఒక రైతు, "నా ఆవులకు ఇంగ్లీషు రాదని ఇన్నాళ్లూ నాకు తెలియదు" అని పడీపడీ నవ్వాడు.

ఒకసారి ఎవరింట్లోనో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో, ఒకాయన ఆయన్ని నిలదీశాడు. "అంకుల్, కోతకు పంపే ఆవుల్ని పెంచేవాళ్లకు మీరు సాయం చేయడమేంటి? మీకేమీ అనిపించదా?"

డాక్టరు గారు పళ్లెం కింద పెట్టారు. కోపం రాలేదు. "అనిపిస్తది. దాని చావు నా చేతుల లేదు బాబూ. బతికినన్ని దినాలు మంచిగ బతకాలె గద, ఆ సంగతి నేను చూస్త" అన్నారు. మళ్లీ పళ్లెం తీసుకున్నారు.

లైసెన్సు లేని బాధ ఆయనలో ఎంత ఉందో నేను ఒక్కసారే చూశాను. మేం వెళ్లిన రోజునే ఒక పొలంలో ఆవు ఈనలేక అల్లాడుతోంది. ఆ రైతు, "డాక్, నీకు ఆపరేషన్ వచ్చు కదా, చెయ్" అని బతిమాలాడు. అలాంటివి ఎన్నో చేసిన మనిషి ఆయన. కానీ ముట్టుకోలేదు. పక్క టౌనులోని డాక్టరుకు ఫోన్ చేసి, ఆవిడ వచ్చేదాకా గడ్డిలో కూర్చుని ఆవు తలను ఒళ్లో పెట్టుకున్నారు. తల్లీ దూడా రెండూ బతికాయి. తిరుగు దారిలో కారు నన్ను నడపమన్నారు. దారంతా తన అరచేతులే చూసుకుంటూ కూర్చున్నారు.

ఇక అసలు చెప్పాలనుకున్నది.

నేను చేరిన మొదటి శరదృతువులో ఒక పెద్దాయన ఫైలు నాకు అప్పగించారు. డెబ్బై దగ్గర వయసు. ఆయన పొలం మధ్యలోంచి వాగు పోతుంది. సాయం అందాలంటే వాగు పొడవునా కంచె వేసి, ఆవులకు నీళ్లు తొట్టిలోకి తోడి పెట్టాలి. తొట్టి పెట్టాడు. కంచె ముప్పావు వంతు వేశాడు, వాగు వంపు దగ్గర మిగిలింది. ఇంతలో భార్య జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆయన ఆసుపత్రికీ ఇంటికీ తిరుగుతుండగానే నేల గడ్డకట్టింది. ఇక మే నెలదాకా గుంజ దిగదు. గడువు ఆ శుక్రవారంతో సరి.

ఆయన నాకు ఫోన్ చేశాడు. "వేసేశానని రాసెయ్ అమ్మాయ్. వాగు కూడా గడ్డకట్టే ఉంటుంది, ఏ ఆవు దిగుతుంది? మంచు కరగ్గానే వేస్తాను."

ఆ మాటలో నాకు తప్పేమీ కనిపించలేదు. వెనకాల ఆయన భార్య వాకర్ చప్పుడు వినిపిస్తోంది. "పూర్తయింది" అన్నచోట టిక్కు పెట్టాను.

పంపబోయే ముందు డాక్టరు గారు ఫైలు చూశారు. వేలు ఆ టిక్కు మీద ఆగింది.

"వంపు కాడ కంచె చూసినవా బిడ్డా?"

"లేదు సార్."

"మరెట్ల రాసినవ్?"

జరిగిందంతా చెప్పాను. ఆయన చివరిదాకా విన్నారు. "నీ మనసు మంచిదే. రాసింది మాత్రం అబద్ధం" అన్నారు. మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని ఆ ఇంటికి తీసుకెళ్లారు.

వంటింటి బల్ల దగ్గర దంపతులిద్దరూ ఉన్నారు. డాక్టరు గారు కాఫీ కప్పు ముట్టుకోకుండానే చెప్పారు. "తప్పు మాది. కంచె చూడకుండా వేసినట్టు రాశాం. దాన్ని తీసేస్తున్నాం. పని మిగిలిందని రాసి గడువు అడుగుతాం. ఇస్తారో లేదో నేను మాటివ్వలేను."

"మాది" అన్నారు. "ఈ అమ్మాయిది" అనలేదు. నాకు అది ఇవాళ్టికీ గుర్తుంది.

పెద్దాయన ముఖం ఎర్రబడింది. "ఒక్క టిక్కు! ఒక్క టిక్కు కోసం నా ఏడాది పోగొడతారా? నా భార్య మంచాన పడితే వాగు దగ్గర గుంజలు పాతుకుంటూ కూర్చోవాలా నేను?" అని లేచాడు. తలుపు తెరిచి పట్టుకుని, "వెళ్లండి" అన్నాడు. వెళ్లాం.

కారులో నేను ఏడ్చాను. చాలా దూరం వచ్చాక డాక్టరు గారు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా మాట్లాడారు.

"నీకొక ముచ్చట చెప్త, ఇను. నౌకరీల చేరిన రెండో ఏడు. ఒక గూడెంల బర్రెలకు గొంతువాపు టీకాలు ఏసినమని మా కాంపౌండర్ చెప్పిండు. నేను పోలే, చూడలే. సంతకం పెట్టిన. వానలు పడ్డయి, రోగం వచ్చింది. ఒక ముసలామెకు ఉన్నదే ఒక్క బర్రె. అది కొట్టంలనే పడిపోయింది. నేను పోయిన. ఆమె నన్ను తిట్టలే. 'సూది ఏసినట్టు రాసుకున్నరట గద సారూ, మరి నా బర్రెకు ఎందుకు పని చెయ్యలే?' అని అడిగింది. నిజంగనే అడిగింది, తెలుసుకుందామని."

"గంతే" అన్నారు.

గడువు అడిగాం. ఇవ్వలేదు. ఆ ఏడాది పెద్దాయనకు సాయం రాలేదు. ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. చుట్టుపక్కల మరో ముగ్గురు రైతులు మా ఆఫీసు మానేశారు. మేనేజరు డాక్టరు గారితో నెల రోజులు పొడిపొడిగా మాట్లాడాడు. నేను ఉద్యోగం మానేస్తానంటే, "మానేస్తే ఇంకొకరు చూడకుండ రాస్తరు. నువ్వైతే ఇంక రాయవు" అన్నారు.

మే నెలలో ఆంటీ ఫోన్ చేశారు. "మీ సార్ శనివారం పొద్దుగాల్నే సద్ది కట్టుకొని పోతున్నడు. వచ్చేసరికి బట్టలనిండ బురద. నీకేమన్న తెలుసా?"

నాకు తెలియదు. తర్వాతి శనివారం పట్టుబట్టి వెంట వెళ్లాను. దారిలో ఒక్కొక్కటిగా చెప్పారు. మొదటి శనివారం తలుపు తడితే పెద్దాయన రాలేదట. భార్య వాకర్ తోసుకుంటూ వచ్చి, "గుంజలు షెడ్డు వెనక ఉన్నాయి. ఆయన కిటికీలోంచి చూస్తుంటాడులే" అందట. ఈయన ఒక్కరే సాయంత్రందాకా నాలుగు గుంజలు పాతి వచ్చారు. రెండో శనివారం మధ్యాహ్నానికి పెద్దాయన ట్రాక్టరు వేసుకుని వచ్చి, "నువ్వు పాతినవన్నీ వంకరే" అన్నాడట. అదే ఆర్నెల్ల తర్వాత మొదటి మాట.

నేను వెళ్లిన రోజు ముగ్గురం పనిచేశాం. నా చేత తీగ పట్టించారు. పెద్దాయన మేకులు కొడుతూ, తల ఎత్తకుండా, "టిక్కు పెట్టిన అమ్మాయివి నువ్వేనా?" అని అడిగాడు.

"అవును."

"అడిగింది నేను. నువ్వు దాన్ని మోసుకుని తిరగొద్దు" అన్నాడు. ఇంకో మేకు తీసుకున్నాడు.

మధ్యాహ్నం భార్య శాండ్‌విచ్‌లు పంపింది. డాక్టరు గారు సద్ది విప్పి పెరుగన్నం, మామిడికాయ తొక్కు పెట్టారు. పెద్దాయన తొక్కు నాలుక మీద పెట్టుకుని కళ్లవెంట నీళ్లు తెచ్చుకున్నాడు. మళ్లీ అడిగి వేయించుకున్నాడు. "నీకు ఈ పనికి జీతం లేదు కదా, ఎందుకొస్తున్నావ్?" అని అడిగాడు. "ఆఫీసులో కూర్చుని కూర్చుని నడుము పట్టేస్తోంది" అన్నారు డాక్టరు గారు. ఆ నడుముకి సాయంత్రం ఆంటీ వేడినీళ్ల కాపడం పెట్టాల్సి వచ్చిందని నాకు తెలుసు.

కంచె జూన్‌లో పూర్తయింది. ఈసారి దరఖాస్తుకు వాగు వెంబడి మొదటి గుంజ నుంచి ఆఖరు గుంజదాకా నేనే నడిచి చూసి రాశాను. సాయం వచ్చింది. వెళ్లిపోయిన ముగ్గురు రైతుల్నీ పెద్దాయనే తన పికప్‌లో ఎక్కించుకుని ఆఫీసుకు తెచ్చాడు. "వీళ్లు మీ కోసం అబద్ధం రాయరు. ముందే చెప్తున్నా" అని వాళ్లకు మమ్మల్ని పరిచయం చేశాడు. దానికన్నా మంచి సర్టిఫికెట్ మా ఆఫీసు గోడ మీద ఏదీ లేదు.

డాక్టరు గారు రెండేళ్ల క్రితం రిటైరయ్యారు. అయినా ఏదైనా పొలంలో అనుమానం వస్తే ఫోన్ చేసేదాన్ని. "ఫోన్ల నేనేం చూస్త బిడ్డా, నువ్వే ఇంకొకసారి పోయి చూడు" అనేవారు. వెళ్లి చూస్తే సగంసార్లు నా అనుమానమే నిజమయ్యేది.

అంత్యక్రియల రోజున మంచు పడింది. హాల్లో ఒకవైపు మనవాళ్లు. ఇంకోవైపు, ఇస్త్రీ చొక్కాల్లో, టోపీలు చేత్తో పట్టుకుని, రైతులు. రెండేసి గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చారు. అది దూడలు పుట్టే కాలం. ఒక పూట కొట్టం వదిలి రావడమంటే ఏమిటో నాకు తెలుసు. డాక్టరు గారి అమ్మాయి ఇంగ్లీషులో మాట్లాడింది. బడి కాగితాల మీద నాన్న ఎన్నడూ చదవకుండా సంతకం పెట్టలేదని, క్లాసులో అందరికన్నా ఆలస్యంగా తన కాగితాలే చేరేవని చెప్పింది. హాలంతా నవ్వింది. నవ్వుతూనే కొందరు ముఖాలు తుడుచుకున్నారు.

అంతా అయ్యాక ఆంటీని కారులో కూర్చోబెట్టాం. అమ్మాయి డ్రైవింగ్ సీట్లో ఉంది. రైతులు ఎవరూ కదల్లేదు. ఒక్కొక్కరే కారు కిటికీ దగ్గరికి వచ్చి వంగుతున్నారు. ఆంటీకి ఇంగ్లీషు అంతంతమాత్రం. వచ్చినవాళ్ల చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, "తిన్నరా? తినిపోండి" అంటున్నారు. అర్థమైనట్టే తలలూపారు వాళ్లు.

అందరికన్నా చివర వాగు పెద్దాయన వచ్చాడు. ఆంటీ చేతిని ఒకసారి పట్టుకుని వదిలాడు. కారు ముందువైపుకు నడిచి, గ్లవ్స్ లేని చేత్తో అద్దం మీద పేరుకున్న మంచు తోశాడు. తోసినచోట మళ్లీ పడుతోంది. వైపర్లు వేయడానికి అమ్మాయి చెయ్యి రాలేదు. కారు కదిలేదాకా ఆయన అలా తుడుస్తూనే ఉన్నాడు, లోపల కూర్చున్నవాళ్లకు దారి కనిపించాలని.